గంజి పెట్టిన కబడ్డీ కోర్టు

మొదటిసారి వార్డు ఆఫీసుకు వెళ్లిన రోజు, అక్కడి గుమాస్తా నన్ను చూసి పక్క కుర్చీలో ఉన్నతనితో గుజరాతీలో "మద్రాసీ వచ్చాడు చూడు" అన్నాడు. నాకు గుజరాతీ రాదనుకున్నాడు. సూరత్‌లో ముప్పై ఏళ్లుగా సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నవాడికి గుజరాతీ రాకపోవడమేమిటి? పైగా మాది కరీంనగర్ దిక్కు. మద్రాసు ఎటు ఉంటుందో కూడా నాకు తెలియదు. ఆ మాటే వాళ్ల భాషలో చెప్పాను. గుమాస్తా నాలుక కరుచుకున్నాడు. తర్వాత ఎన్నోసార్లు లేచి నమస్తే పెట్టాడు, ఒకసారి చాయ్ కూడా తెప్పించాడు. చాయ్ తాగాను. ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ రాయబోయేది కృతజ్ఞత గురించి. నాకు అది అంత తేలిగ్గా వచ్చే గుణం కాదు.

సూరత్‌లోని వడోద్‌లో మా గల్లీల వెనక కార్పొరేషన్‌కు చెందిన ఖాళీ జాగా ఒకటి ఉంది. ఒకప్పుడు అందులో కార్ఖానాల నుంచి తెచ్చి పారేసిన చిందీ, అంటే పనికిరాని గుడ్డముక్కలు, ఇటుక పెళ్లలు, విరిగిన బాత్‌రూం సామాను గుట్టలుగా పడి ఉండేవి. మా కబడ్డీ క్లబ్బు వాళ్లు సెలవు దొరికినప్పుడల్లా ఆ చెత్త ఎత్తిపోసి జాగాను చదును చేశారు. సున్నపు గీతలు నిలవడం లేదని చీరల నుంచి కోసేసిన అంచు పేలికలు తెచ్చి, మేకులతో నేలకు కొట్టారు. మధ్య గీతకు జరీ అంచు వాడారు. వరాఛా నుంచి ఆడటానికి వచ్చిన జట్టువాళ్లు దాన్ని చూసి "పెళ్లికూతురిని ఎక్కడ కూర్చోబెడతారు?" అని అడిగారు. ఆ రోజు వాళ్లను ఓడించి పంపాం కాబట్టి ఆ మాటను నేను పట్టించుకోను.

కబడ్డీ అంటే అందరికీ ఆట. మాకు ఇంకొంచెం ఎక్కువ. ఊరి నుంచి కొత్తగా వచ్చిన మనిషి పగలంతా సాంచెల మోతలో నిలబడి, రాత్రి ఏడెనిమిది మందితో పాటు ఒకే గదిలో పడుకుంటాడు. ఏ సేఠ్ దగ్గర పని ఖాళీగా ఉందో, ఏ గదిలో చోటు దొరుకుతుందో, జ్వరం వస్తే ఆసుపత్రికి వెంట ఎవరొస్తారో అతనికి ఆ మైదానంలోనే తెలుస్తుంది. మా జట్టు కెప్టెన్ నా అక్క కొడుకు. పుట్టింది పెరిగింది సూరత్‌లోనే. నీది ఏ ఊరని వాడిని అడిగితే ఆ జాగానే చూపిస్తాడు.

ఆ జాగాలో ఆడుకోవడానికి కార్పొరేషన్ మాకు ఏడాది పర్మిషన్ ఇచ్చింది. తర్వాత ప్రహరీ కట్టించింది, నల్లా వేయించింది, ఎత్తైన స్తంభం నిలబెట్టి లైట్లు పెట్టించింది. అడగ్గానే ఏదీ రాలేదు, అడగకుండానూ ఏదీ రాలేదు. క్లబ్బు సెక్రటరీని నేనే కాబట్టి ఆ తిరుగుడంతా నాదే. ప్రహరీ పూర్తయ్యాక పెయింటర్ ఒకతను వచ్చి దాని మీద బొమ్మ వేశాడు. కబడ్డీ మైదానం గోడ మీద బ్యాటు పట్టుకున్న క్రికెట్ ఆటగాడి బొమ్మ. అది తుడిపించమని నాలుగుసార్లు చెప్పాను. ఇప్పటికీ ఉంది. మా వాళ్లు కూత పెట్టి ఎదుటి కోర్టులోకి దూకిన ప్రతిసారీ వాడు బ్యాటు ఎత్తి చూస్తూనే ఉంటాడు.

ఆటల వ్యవహారాలు చూసే అధికారి ఒక మేడం. నలభై దాటని మనిషి. సాంచెల మధ్య బతికినవాళ్లం మామూలుగా మాట్లాడినా ఎదుటివాళ్లకు పోట్లాటలా వినిపిస్తుంది. నేను మెట్లు ఎక్కుతుండగానే ఆమె, "కాకా, మీ గొంతు వినగానే నా చేయి మీ ఫైలు మీదికి పోతుంది" అని హిందీలో అనేది. అందులో వెక్కిరింత ఎంతో, మర్యాద ఎంతో తేల్చుకోలేక నేను మనసులో పెట్టుకున్నాను.

అసలు చిక్కు ఒక ఎండాకాలంలో వచ్చింది.

మైదానానికి ఆనుకుని కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ సొసైటీ ఒకటి ఉంది. మా వాళ్లు సాధన చేస్తే లేచే దుమ్మంతా వాళ్ల బాల్కనీల్లో ఆరేసిన బట్టల మీద పడుతోంది. సొసైటీ తరఫున మాట్లాడే ఆవిడ, పెద్ద వయసు గుజరాతీ ఆవిడ, ఒకరోజు తెల్ల దుప్పటి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. "దీన్ని పొద్దున్న ఉతికాను. ఇప్పుడు దీని మీద శనగలు విత్తొచ్చు" అంది. కెప్టెన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడ నేరుగా వార్డు ఆఫీసుకు వెళ్లింది.

మా పర్మిషన్ గడువు కూడా అప్పుడే ముగియబోతోంది. మేడం నన్ను పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పింది. "వాళ్లూ పన్ను కడతారు, మీరూ కడతారు. ఇద్దరిలో ఎవరినీ నేను కాదనలేను. ఆ జాగాను పార్కింగ్‌కు ఇమ్మని అడిగేవాళ్లు ఉన్నారు. దుమ్ము ఆగితే మీ తరఫున నేను రాస్తాను. ఆగకపోతే నేను రాయడానికి ఏమీ ఉండదు."

టెంపోలు నిలబెట్టుకోవడానికి మా మైదానం!

నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. కానీ ఆ ఎండకు ఒక్క నల్లా నీళ్లు ఏ మూలకూ సరిపోలేదు. ట్యాంకర్ పంపమని అడిగాం. ఒకసారి వచ్చింది. రెండోసారి మా గేటు ముందు నుంచే వెళ్లి రోడ్డు మధ్య పూలచెట్లకు నీళ్లు పోసింది. నేను గేటు దగ్గర చేయి ఊపుతూ నిలబడి ఉన్నాను. డ్రైవర్ కూడా నాకు చేయి ఊపి వెళ్లాడు.

ఆ సాయంత్రం అందరం మైదానంలో కూర్చున్నాం. మాలో అందరికంటే పెద్దాయనను మేము పెద్దబాపు అంటాం. ఊళ్లో మగ్గాలు ఉన్న కాలంలో ఆయన పడుగులకు గంజి పెట్టేవాడు. పడుగు అంటే మగ్గానికి పొడుగునా ఎక్కించే దారాలు. వాటిని వీధిలో చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వితే పోగులు లేవకుండా గట్టిపడతాయి. ఆయన చాలాసేపు మా మాటలు విని విసుక్కున్నాడు.

"ఏందిరా గంతగనం మొత్తుకుంటున్నరు? పడుగుల పోగులు లేస్తే ఏం జేస్తం?"

"గంజి పెడ్తం" అన్నాడు కెప్టెన్.

"మరి దుమ్ము లేస్తే?"

"పెద్దబాపూ, గిది మట్టి. చీర గాదు."

"నువ్వు సూరత్‌ల పుట్టినోనివి, నీకేం ఎరుక? మేం పడుగు సాపింది మట్టి మీదనే గదరా. గంజి కారిన జాగ బండ లెక్క అయితుండె. మీ తాత గక్కడ్నే పండుకుంటుండె. ఒంటికి ఇంత దుమ్ము అంటకపోయేది."

ఆ మాటతో అందరం తలలెత్తాం. నిజమే, పడుగు పట్టిన వీధి నేల నల్లగా, నున్నగా ఉండేది. నేనూ చూశాను. మేమంతా నేతపనివాళ్ల బిడ్డలం. గంజి పెడితే నిలవనిది ఏదైనా ఉంటుందన్న అనుమానం మాలో ఒక్కరికీ రాలేదు.

ఇంటికి వెళ్లి చెబితే నా భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "అన్నం కుక్కర్ల ఉడుకుతాంది. గంజి యాడికెల్లి తేవాలె?"

"మైదాతోటి కాస్తం."

"మీ కోర్టుకు ఒక్క గంజి సాలునా, నంజుకోను తొక్కు గిట్ల ఎయ్యాల్నా?"

అయినా పెళ్లి వంటల డేగిశా తెప్పించింది, పక్కింటి ఆడవాళ్లను పిలిచింది. ఆదివారం తెల్లవారకముందే గల్లీ మొగదల గంజి కాచాం. బకెట్లతో మోసి కోర్టంతా పోశాం. పెద్దబాపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా వాళ్లు కొబ్బరి చీపుర్లు పట్టుకుని వరసగా నిలబడి, ఆయన చెప్పినట్టే ఒక చివర నుంచి ఇంకో చివరకు దువ్వుతూ పోయారు.

"అడ్డం దువ్వకుర్రి! పొడుగు దువ్వుర్రి! ఓ కెప్టెను, నువ్వు ఇల్లూడుస్తున్నవా, పడుగు దువ్వుతున్నవా?"

మధ్యాహ్నానికి ఆరిపోయింది. నేల మెరిసింది. సాయంత్రం మా వాళ్లు ఆడుతుంటే చిటికెడు దుమ్ము లేస్తే ఒట్టు. సొసైటీ ఆవిడ బాల్కనీలోకి వచ్చి, కమ్మీ మీద వేలు రాసి చూసుకుంది. తల ఊపింది. మర్నాడే నేను వార్డు ఆఫీసుకు వెళ్లి, మేడంను మైదానం చూడటానికి రమ్మని పిలిచాను. కొంచెం దర్పంగానే పిలిచానేమో. మీ ట్యాంకర్ లేకుండానే మేము చేసుకున్నామని కూడా అన్నాను. వారం చివర వస్తానంది.

ముందు చీమలు వచ్చాయి. జరీ గీత వెంట ఒక బారు, అవుట్ గీత వెంట ఇంకో బారు. తర్వాత పావురాలు వచ్చాయి. కెప్టెన్ కాలు జారి మోకాలు గీరుకుంటే ఆ చర్మానికి గంజి పెచ్చు అంటుకుంది. దుమ్ము లేవలేదు కానీ, నేల అప్పడంలా పగిలి రేకులు రేకులుగా లేవడం మొదలైంది. దాన్ని అణచడానికి మావాళ్లలో ఎవరో నీళ్లు చల్లారు. తడిసిన గంజి ఆ ఎండకు పులిసింది. ఆ వాసన నేను రాయలేను.

మేడం వచ్చిన రోజు కోర్టులో మూడు ఆవులు ఉన్నాయి. నాలుకలతో నేలను నాకుతున్నాయి. ఒకదాన్ని కెప్టెన్ కొమ్ము పట్టి లాగుతున్నాడు. అది అతన్ని జరీ గీత దాకా ఈడ్చుకుపోయింది. సొసైటీ ఆవిడ బాల్కనీ నుంచి గట్టిగా, "మేడం, మొన్నటిదాకా దుమ్ము. ఇప్పుడు గోశాల కూడా పెట్టారు!" అంది.

మేడం నవ్వింది. చిన్న నవ్వు కాదు. గేటు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మా గల్లీ ఆడవాళ్లంతా చూస్తున్నారు. వాళ్లు నిద్ర మాని కాచిన గంజి అది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నవ్వును కూడా నేను మరిచిపోలేదు. అయితే దాని తర్వాత జరిగింది కూడా మరిచిపోలేదు.

"ఇది ఎవరి ఆలోచన?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా పెద్దబాపు కర్ర ఊతంతో లేచాడు. "నాదే, మేడం. హమ్ బునకర్ హై, నేతోళ్లం. బట్టకు ఎట్ల పెడ్తమో, గట్లనే పెట్టినం." సగం హిందీ, సగం తెలుగు. మిగతాది కెప్టెన్ గుజరాతీలో చెప్పాడు. పడుగు, కుంచె, వీధి, గంజి కారిన నేల. మేడం వింటూ వింటూ నవ్వు ఆపేసింది. చెప్పులు విడిచి కోర్టులోకి వచ్చింది. ఒక పెచ్చు ఎత్తి వేళ్ల మధ్య విరిచి చూసింది. నేల పొడుగునా ఇంకా మిగిలి ఉన్న చీపురు గీతల వెంట నడిచింది.

"ఈ మొత్తం చేత్తోనే దువ్వారా?"

"దువ్వకపోతే ఎట్ల నిలుస్తది?" అన్నాడు పెద్దబాపు.

ఆమె వేళ్లకు అంటిన గంజి దులుపుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "కాకా, మేము ఒక ట్యాంకర్ సరిగ్గా పంపి ఉంటే మీకు ఈ పని పడేది కాదు" అంది. ఏ ఆఫీసులోనైనా, ఏ కుర్చీలో కూర్చున్న మనిషైనా తప్పు తమదేనని నాతో అనడం అదే మొదటిసారి. సమాధానంగా చెప్పడానికి నా దగ్గర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి గోడ నీడలో చాప పరిచాను.

ఆమె సొసైటీ ఆవిడను కిందికి పిలిచింది. ఆవిడ ముక్కుకు చీరకొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. గోడ నీడలో మా చాప మీదే అందరం కూర్చున్నాం. మేడం ఆవిడను అడిగిన మొదటి ప్రశ్న దుమ్ము గురించి కాదు.

"ఈ మైదానంలోకి మీ సొసైటీ వాళ్లు ఎప్పుడైనా వచ్చారా?"

"ఎలా వస్తాం? పొద్దున్నా వీళ్లే, సాయంత్రమూ వీళ్లే. నడవడానికి మేము మెయిన్ రోడ్డుకు పోతున్నాం. మొన్న ఒక టెంపో నా చెప్పు మీదుగా పోయింది."

నాకు అది కొత్త సంగతి. మేము ఎవరినీ రావద్దనలేదు. కానీ రమ్మని కూడా అనలేదు. పెద్దబాపు వెంటనే, "రానీయుర్రి. పొద్దుగాల ఎండ ఎక్కినంక మనోళ్లు ఎవ్వలుండరు గదా, నడవనీయుర్రి" అన్నాడు. కెప్టెన్ ఆ మాట ఆవిడకు చెప్పాడు. ఆవిడ కొంగు ముక్కు మీద నుంచి తీసి, "నడిచేవాళ్ల మీద ఆవులను వదలరు కదా?" అని అడిగింది. మొదటిసారి అందరం కలిసి నవ్వాం.

ఆ చాప మీదే ఒప్పందం కుదిరింది. తోటల విభాగం నుంచి మంచి మట్టి, రోలర్ తెప్పించే బాధ్యత కార్పొరేషన్‌ది. చెట్లకు వాడే శుద్ధి చేసిన నీళ్ల ట్యాంకర్ దారిలో మా మైదానాన్ని కూడా చేర్చాలి. గంజి పెచ్చులు గీకి పారేయడం, మట్టి పరచడం, రోజూ నీళ్లు చల్లడం మా పని. ఎండెక్కిన తర్వాత నుంచి మధ్యాహ్నం దాకా మైదానం సొసైటీ వాళ్లది. "ఇవన్నీ జరిగితే నేను రాస్తాను. పైవాళ్లు ఏమంటారో మాత్రం ఇప్పుడే చెప్పలేను" అంది మేడం. చెప్పులు వేసుకుని వెళ్తూ, "పెద్దబాపూ, ఇకనుంచి గంజి బట్టలకే" అంది. పెద్దబాపు అనే పిలుపును ఆమె ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు.

పెచ్చులు గీకడం గంజి పెట్టడం కన్నా కష్టం. రాత్రి పాలీ దిగిన వాళ్లు ఉదయం, పగటి పాలీ వాళ్లు సాయంత్రం పారలు పట్టారు. పాలీ అంటే మా దగ్గర షిఫ్టు. నా భార్య దారిన పోతూ గోడ మీదుగా చూసి, "అడుగు మాడినట్టుందే, నీళ్లల్ల నానబెట్టరాదు?" అంది. మట్టి లారీ మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. నేను ఫోన్ చేసి అడిగాను. రెండోసారి ఫోన్ చేసేసరికి లారీ మలుపు తిరిగి కనిపించింది. ఆ ఒక్కసారి మాత్రం ఫోన్ పెట్టేసి ఊరుకున్నాను. రోలర్ లాగేటప్పుడు సొసైటీ మగవాళ్లు ఇద్దరు వచ్చి చేయి వేశారు. ఆవిడ మజ్జిగ పంపింది. ఉప్పు ఎక్కువైంది. అయినా అందరం తాగాం.

కొన్నాళ్లకు వార్డులోని ఆటల క్లబ్బులన్నిటినీ ఆఫీసు పైఅంతస్తు హాలుకు పిలిచారు. ఏ మైదానం ఎవరికి కొనసాగిస్తారో అక్కడే చెబుతారన్నారు. పెద్దబాపు, కెప్టెన్, నేను వెళ్లాం. క్రికెట్ క్లబ్బులు ముందు వరసలో ఉన్నాయి. మాకు ఫ్యాను కింద కాకుండా తలుపు పక్కన కుర్చీలు దొరికాయి. సొసైటీ ఆవిడ మాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఆవిడ ఏం చెప్పడానికి వచ్చిందో మాకు తెలియదు. కెప్టెన్ చేతివేళ్లు విరుచుకుంటూ కూర్చున్నాడు. వాడు కూతకు వెళ్లేటప్పుడు కూడా అంత భయపడగా నేను చూడలేదు.

మేడం కన్నా పైఅధికారి ఒకాయన వరసగా చదువుతూ పోయాడు. మా వంతు వచ్చేసరికి ఆగి, "ఇక్కడ పక్క సొసైటీ ఫిర్యాదు ఉంది కదా?" అని అడిగాడు. మేడం లేవబోయింది. ఆమె కన్నా ముందు సొసైటీ ఆవిడ లేచింది.

"ఉండేది. నేనే ఇచ్చాను. ఇప్పుడు లేదు. వీళ్లను తీసేసి పార్కింగ్ పెడితే మాత్రం మళ్లీ ఇస్తాను" అని చెప్పి కూర్చుంది.

అధికారి నవ్వి, మా మైదానం మరో మూడేళ్ల పాటు మాకే ఉంటుందని ప్రకటించాడు. కెప్టెన్ నా తొడ మీద గట్టిగా కొట్టాడు. పెద్దబాపు కళ్లద్దాలు తీసి, తుడుచుకోకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

తర్వాత ఎవరైనా మాట్లాడొచ్చు అన్నారు. ముందు వరసలోంచి ఒకతను లేచి, ఈ ఆఫీసు క్లబ్బులకు చేసింది ఏమీ లేదని చాలాసేపు అన్నాడు. అతను చెప్పినవాటిలో సగం నిజాలు. మామూలుగానైతే నేను రెండోవాడిగా లేచి మిగతా సగం చెప్పేవాడిని. నేను లేవడం చూసి మేడం పెన్ను మూత తీసింది.

గుజరాతీలో మొదలుపెట్టాను, హిందీలోకి వెళ్లాను. మా నల్లా సంగతి, లైట్ల సంగతి, లారీ సంగతి చెప్పాను. తప్పు తమదేనని ఒక అధికారి మా మైదానంలో నిలబడి ఒప్పుకున్న సంగతి చెప్పాను. మా దగ్గర చెమట ఉంది కానీ నేల లేదని, నేల ఇచ్చి దాన్ని కాపాడుకునే పని కూడా మా చేతికే ఇచ్చినందుకు మా క్లబ్బు ఈ ఆఫీసుకు రుణపడి ఉందని చెప్పాను. ధన్యవాదాలన్నాను. ఆ హాలులో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. కూర్చోబోయి, మళ్లీ లేచి, గోడ మీద క్రికెట్ బొమ్మ గురించి కూడా చెప్పాను. మేడం రాసుకుంది.

బయటికి వచ్చాక ఆటో కోసం నిలబడ్డాం. పెద్దబాపు నా వైపు చాలాసేపు చూసి, "గంత మంచి మాటలు నీ దగ్గర ఉన్నయారా? ఇన్నేండ్లు యాడ దాసినవ్?" అన్నాడు.

"అవసరం రాలే, పెద్దబాపూ."

"మామా, సాయంత్రం అందరికీ చాయ్ నువ్వే తాపియ్యాలె. మూడేండ్లు!" అన్నాడు కెప్టెన్. అప్పటికే ఫోన్‌లో మా వాళ్లకు చెబుతున్నాడు. అవతల నుంచి సాంచెల మోత, దానికి మించి అరుపులు వినిపించాయి. సొసైటీ ఆవిడ మెట్లు దిగి వచ్చింది. ఆటోలో చోటుందా అని అడిగింది. కెప్టెన్ డ్రైవర్ పక్కకు మారాడు. ఆవిడ మా ఇద్దరి పక్కన సర్దుకుని కూర్చుని, రేపు ట్యాంకర్ ఎన్నింటికి వస్తుందని అడిగింది.

తొమ్మిదింటికి అన్నాను. రాకపోతే ఇద్దరం కలిసే ఆఫీసుకు వెళ్దామంది.